టాంగ్రా లందలు, మన చిల్లీ బీఫ్

కిరాణా కొట్లో దొరికే నూడుల్స్ పాకెట్ మీద 'హక్కా నూడుల్స్' అని రాసి ఉంటుంది. ఫాస్ట్‌ఫుడ్ బండి బోర్డు మీద కూడా ఉంటుంది. పెయింటర్ చేతిని బట్టి ఒకచోట 'హాకా', ఇంకోచోట 'హక్క'. ఇన్నేళ్లలో ఎన్ని ప్లేట్లు తిన్నామో లెక్కలేదు. ఆ మాటకు అర్థం ఏంటని ఒక్కసారైనా అడిగామా? అది మసాలా పేరు కాదు, వండే పద్ధతి పేరు కాదు. మనుషుల పేరు. ఈ దేశంలో తోలు పని చేసి బతికిన మనుషుల పేరు.

ఈ వారం ఈ విషయం రాయడానికి కారణం ఉంది. అశోక్‌నగర్, చిక్కడపల్లి వైపు రూముల్లో ఉండి పోటీ పరీక్షలకు చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు కొందరు అడిగారు. రోజూ రాత్రి పార్సిల్ తెచ్చుకుంటే జేబు ఖాళీ అవుతోంది అన్నా, ఫ్రైడ్ రైస్, మంచూరియా, చిల్లీ చికెన్ రూములోనే ఎట్లా చేసుకోవాలో రాయి అని. రాస్తాను. నాకు వచ్చిన వంటల్లో నేను గర్వంగా చెప్పుకునేది చిల్లీ బీఫ్. అదే రాస్తాను. కానీ పొయ్యి వెలిగించే ముందు ఆ తిండి మీద మనకు నూరిపోసిన అసహ్యం గురించి మాట్లాడుకోవాలి. పార్సిల్ మానేసి రూములో వండుకోమని మీకు చెప్పేవాళ్లలో సగం మంది మీ జేబు గురించి చెప్పడం లేదు.

"ఛీ, బండి మీద చైనీస్ తింటావా? ఏం నూనెనో, ఏం మాంసమో, ఎవడు వండాడో."

నూనె గురించి అడగడం న్యాయం. మాంసం గురించి అడగడం కూడా న్యాయమే. ఆ మూడో ముక్క దగ్గర ఆగండి. ఎవడు వండాడో. ఈ ప్రశ్న మనకు కొత్తదా?

హక్కా అంటే చైనా భాషలో అతిథి కుటుంబాలు అని అర్థం. ఉత్తరం నుంచి దక్షిణ చైనాకు తరతరాలుగా వలస వచ్చినవాళ్లు. అప్పటికే మంచి భూములన్నీ స్థానికుల చేతుల్లో ఉంటే వీళ్లకు కొండ నేలలు మిగిలాయి. ఎన్ని తరాలు అక్కడే పుట్టి అక్కడే చచ్చినా పేరు మాత్రం 'బయటి నుంచి వచ్చినవాళ్లు' అనే. అట్లాంటి వాళ్లలో కొందరు బ్రిటిష్ కాలంలో కలకత్తా చేరారు. అదే ఊరికి వచ్చిన కాంటన్ వాళ్లు వడ్రంగం పట్టారు. హుబేయి నుంచి వచ్చినవాళ్లు పళ్ల వైద్యం పట్టారు. హక్కాలు చెప్పులు, బూట్లు కుట్టే పని పట్టారు. బెంటింక్ స్ట్రీట్ నిండా వాళ్ల బూట్ల దుకాణాలే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఊరి తూర్పు అంచున, చిత్తడి నేలలో, టాంగ్రా అనే చోట తోళ్లు శుద్ధి చేసే కార్ఖానాలు పెట్టారు.

ఆ పని వాళ్లకే ఎందుకు దొరికింది? కలకత్తాలో డబ్బున్నవాళ్లు లేకనా? ఉన్నారు. తోలులో లాభం ఉందని తెలియకనా? తెలుసు. ముట్టుకుంటే మైల. తోలు పని మైల అని కులం గీసిన గీత వల్ల ఆ వ్యాపారంలో పోటీకి సవర్ణుడు రాలేదు. ఆ గీతకు బయట పుట్టినవాడికి, ఈ మైల లెక్క తెలియని పరదేశికి అక్కడ చోటు దొరికింది. కలకత్తా హక్కాల మధ్య ఉండి పరిశోధన చేసిన ఎలెన్ ఆక్స్‌ఫెల్డ్ అనే మానవశాస్త్రవేత్త 1993లో 'బ్లడ్, స్వెట్, అండ్ మాజాంగ్' అని ఒక పుస్తకం రాశారు. ఈ సంగతి అందులో వివరంగా ఉంది. లైబ్రరీలో దొరికితే చదవండి.

లంద అంటే తెలియని పిల్లలు ఇప్పుడు మన వాడల్లో కూడా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. మా తాతకు లంద ఉండేది. పచ్చి తోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క రసంలో రోజుల తరబడి ఊరబెట్టేవాడు. ఊరికి మోట బొక్కెన కావాలి, చెప్పులు కావాలి, డప్పు కావాలి. లంద వాసన మాత్రం వద్దు. అందుకే అది ఊరి గాలి సోకని దిక్కున ఉండేది. టాంగ్రా కూడా కలకత్తాకు అట్లాంటి దిక్కే. కలకత్తా పెద్దమనుషుల కాళ్లకు టాంగ్రా తోలు బూట్లు ఉండొచ్చు, వాళ్ల ముక్కుకు టాంగ్రా గాలి తగలకూడదు.

ఇక్కడ ఒక మాట. దీన్ని తీపి కథ చేసి చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. హక్కాలు, మనం ఒకటే అని చేయి చేయి కలిపి ఫొటో దిగలేం. టాంగ్రా కార్ఖానాల్లో యజమాని హక్కా. సున్నం గుంటలో దిగి తోలు ఎత్తి మోసిన కూలీ ఎవరు? ఎక్కువ మంది బీహార్ నుంచి వచ్చిన చమార్లు, ముస్లింలు. పరదేశి అయినందువల్ల హక్కాకు తోలు డబ్బయింది. మైల అతని ఇంటిదాకా వచ్చి ఉండొచ్చు గానీ, అతను దాన్ని పుట్టుకతో తెచ్చుకోలేదు. చమారుకు తోలు కూలీ మాత్రమే అయింది. వేల ఏళ్లుగా ఆ పని తెలిసినవాడికి, ఆ పనిలో డబ్బు రావడం మొదలైన రోజున యజమాని కుర్చీ దొరకలేదు. మన ఊళ్లలో లందలు పోయి లెదర్ ఫ్యాక్టరీలు వచ్చినప్పుడు మాదిగకు ఏం దక్కిందో చూసుకుంటే ఈ లెక్క ఎవరికైనా తెలుస్తుంది.

ఆ కార్ఖానాల పక్కనే తిండి పుట్టింది. రోజంతా తోలు పని చేసినవాళ్లు సాయంత్రం తినే నూడుల్స్, సోయా వేసి వేయించిన మాంసం. బయటివాళ్లు రుచి చూశారు. బెంగాలీ నాలుకకు పచ్చిమిర్చి కావాలి, ఉల్లి కావాలి, అన్నంలో కలుపుకోవడానికి పులుసు కావాలి. చైనాలో లేని చైనా తిండి అట్లా తయారైంది. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కాలుష్యం కేసులో టాంగ్రా, దాని చుట్టుపక్కల ఉన్న సుమారు 550 తోళ్ల కార్ఖానాలను అక్కడి నుంచి ఎత్తేయమంది. ప్రభుత్వం బంతాలాలో వేరే చోటు చూపించింది. కొందరు వెళ్లారు, చాలామంది మూసేశారు, ఎంతోమంది కెనడా వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు తోళ్లు ఆరబెట్టిన షెడ్లలోనే టేబుళ్లు వేసి హోటళ్లు పెట్టారు. ఇప్పుడు టాంగ్రా అంటే కలకత్తా వాళ్లకు ఆదివారం కార్లు వేసుకుని వెళ్లి తినే చోటు.

మధ్యలో 1962 ఉంది. చైనాతో యుద్ధం వచ్చింది. అస్సాం, ఉత్తర బెంగాల్ వైపు నుంచి చైనా మూలాలున్న దాదాపు మూడు వేల మందిని, ముసలివాళ్లు, చంటిపిల్లలతో సహా, రైలెక్కించి రాజస్థాన్‌లోని దేవ్‌లీ క్యాంపులో పెట్టారు. విచారణ లేదు, నేరం లేదు. ముఖం చూశారు, పేరు చూశారు, అంతే. కొందరు నాలుగైదేళ్లు అక్కడే ఉన్నారు. తిరిగొచ్చేసరికి ఇళ్లు, దుకాణాలు వేరేవాళ్లవి అయిపోయాయి. అక్కడే పుట్టిన జాయ్ మా, దిలీప్ డిసౌజాతో కలిసి 2020లో తెచ్చిన 'ది దేవ్‌లీవాలాస్' పుస్తకంలో ఆ మనుషుల మాటలు ఉన్నాయి. దేశం వీళ్లకు ఇప్పటిదాకా క్షమాపణ చెప్పలేదు. కానీ వీధి వీధిలో వీళ్ల తిండి తింటుంది.

ఈ ముఖం చూసే బుద్ధి 1962తో పోలేదు. మన యూనివర్సిటీల్లో మణిపూర్, నాగాలాండ్, మిజోరం పిల్లల్ని ఏమని పిలుస్తారో మీకు తెలుసు. ఆ మాటతో ఈశాన్య రాష్ట్రాల ఎస్టీలను అవమానిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టాలని 2012లో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు రాసింది. మన చట్టమే. ఆ పిల్లలకు ఈ సంగతి చెప్పండి. మన మీటింగులకు పిలవండి.

సరే, మంచూరియా. మంచూరియాకూ మంచూరియా అనే ప్రాంతానికీ సంబంధం లేదు. కలకత్తాలో పుట్టి బొంబాయి వెళ్లిన నెల్సన్ వాంగ్ అనే చైనా సంతతి వంటాయన 1975లో అక్కడి క్రికెట్ క్లబ్‌లో దీన్ని మొదట వండాడని చెబుతారు. వెల్లుల్లి, అల్లం, పచ్చిమిర్చి మన పోపు లాగా వేసి, గరం మసాలా బదులు సోయా సాస్ పోసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచాడు. అంతే. అక్కడి నుంచి కోడి పోయి గోబీ వచ్చింది, గోబీ పోయి క్యాబేజీ ఉండలు వచ్చాయి, చివరికి పెళ్లి భోజనాల్లో సాంబారు పక్కన కూర్చుంది. తోళ్ల కార్ఖానాల పక్కన పుట్టిన రుచి 'ప్యూర్ వెజ్' పెళ్లి విస్తట్లోకి వెళ్లింది. ఎవడు వండాడో అని అక్కడ ఎవరూ అడగలేదు.

ఇక అజినోమోటో. మన ఇళ్లలో దీన్ని ఎలుకల మందు పేరు చెప్పినట్టు చెబుతారు. ఇది ఏంటి? 1908లో కికునే ఇకెడా అనే జపాన్ శాస్త్రవేత్త సముద్రపు నాచుతో కాచిన పులుసుకు ఆ రుచి ఎక్కడిదని వెతికితే గ్లుటమేట్ బయటపడింది. దాన్ని ఉప్పులా చేసి మరుసటి ఏడాదే అమ్మకానికి పెట్టారు. పండిన టమాటాలో ఉండేది అదే. భయం ఎక్కడ పుట్టింది? అమెరికాలో. 1968లో రాబర్ట్ హో మాన్ క్వోక్ అనే డాక్టర్ ఒక వైద్య పత్రికకు చిన్న ఉత్తరం రాశాడు. చైనీస్ హోటల్లో తిన్నాక మెడ తిమ్మిరెక్కుతోంది, సోయా సాస్ వల్లో, వంటకు వాడే వైన్ వల్లో, ఉప్పు వల్లో, ఎంఎస్‌జి వల్లో తెలియదు అని. రాసినాయన కూడా చైనా మూలాలున్నాయనే. ఆయన సందేహం పడ్డాడు, పత్రిక వాళ్లు దానికి 'చైనీస్ రెస్టారెంట్ సిండ్రోమ్' అని శీర్షిక తగిలించారు. ఆ శీర్షిక మిగిలింది, సందేహం పోయింది. 1882లో చట్టం చేసి మరీ చైనా కూలీలను రానివ్వని దేశం అది. వాళ్ల హోటళ్లు మురికి అని నమ్మడానికి అక్కడి తెల్లవాళ్లకు ఉత్తరం ఎందుకు, శీర్షిక చాలు. తర్వాత ఏది తింటున్నారో చెప్పకుండా మనుషులకు పెట్టి చూసిన పరీక్షల్లో ఆ జబ్బు నిలకడగా తేలలేదు. ఏమీ తినకుండా ఒకేసారి ఎక్కువ మోతాదులో తీసుకుంటే కొందరికి కాసేపు ఇబ్బంది ఉండొచ్చు, అంతవరకే. అమెరికా ఆహార సంస్థ దాన్ని ఉప్పు, వెనిగర్‌లతో పాటు సురక్షితమైన వాటిలోనే పెట్టింది. పైగా మామూలు ఉప్పులో సోడియం నూటికి 39 వంతులు, ఇందులో 12 వంతులే. చిప్స్ పాకెట్‌లో ఉన్నప్పుడు ఎవరికీ మెడ పట్టదు. బండి మీద ఉన్నప్పుడే పడుతుంది!

మురికి అనే మాట వస్తువును చూసి రాదు. మనిషిని చూసి వస్తుంది. ఇది మనకంటే బాగా ఎవరికి తెలుసు?

అట్లాగని బండి మీద అంతా అమృతమే అని నేను అనడం లేదు. 2024లో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడొద్దని నిషేధం పెట్టింది. నమూనాల్లో హానికరమైన రంగులు దొరికాయి. అది సరైన పని. రంగును ఆపారు, బండిని కాదు. అదే ఏడాది గోవాలో మపుసా మున్సిపాలిటీ ఏం చేసింది? గోబీ మంచూరియా బండ్లనే వద్దంది. ఈ రెండింటి మధ్య తేడా గుర్తుపెట్టుకోండి. మొదటిది ప్రజారోగ్యం. రెండోది శుభ్రం పేరు మీద బతుకు తీసేయడం. ఈ బండ్ల దగ్గర మంట ముందు ఆరు గంటలు నిలబడే వంటవాళ్లలో నేపాల్, డార్జిలింగ్, ఒడిశా నుంచి వచ్చిన పిల్లలు ఎంతోమంది. ప్లేట్లు కడిగేది మనవాళ్లే. వాళ్లకు నీళ్ల కుళాయి, లైసెన్సు, మంచి నూనె కొనగలిగే ఆదాయం ఇవ్వమని అడగడం మన పని. 'ఛీ' అనడం మన పని కాదు.

పార్సిల్ చేతులు మారే దారిలో కూడా ఇదే రోగం. 2024 మార్చిలో జొమాటో 'ప్యూర్ వెజ్' ఆర్డర్లకు వేరే దళం, వేరే ఆకుపచ్చ దుస్తులు అని ప్రకటించింది. మాంసం మోసిన చేయి, పెట్టె తమ పప్పుకు తగలకూడదట. గొడవయ్యాక ఆకుపచ్చ దుస్తులు వెనక్కి తీసుకుని అందరికీ ఎరుపే అన్నారు. అంటరానితనం రద్దు చేసిన దేశంలో సీలు వేసిన డబ్బా కూడా అంటు పడుతుంది.

ఇప్పుడు రూము దగ్గరకు వద్దాం. వండుకోండి అని చెప్పడం తేలిక. ఎక్కడ వండుకోవాలి? హైదరాబాద్‌లో టులెట్ బోర్డు కింద చిన్న అక్షరాల్లో 'వెజ్ ఓన్లీ' అని ఎన్ని ఇళ్లకు ఉంటుందో రూము కోసం తిరిగిన వాళ్లకు తెలుసు. బోర్డు మీద రాయనివాళ్లు నోటితో అడుగుతారు. "మీరేవిట్లు బాబూ?" నేను ఎనిమిది ఇళ్లు తిరిగాక తొమ్మిదో ఇంట్లో రూము దొరికిన రోజులు ఉన్నాయి. ఆ ఓనరమ్మ కూర ఉడుకుతుంటే మెట్ల మీదికి వచ్చి ముక్కు ఎగబీల్చేది. కోడి అయితే ఊరుకునేది. పెద్దకూర అయితే తలుపు కొట్టేది. మాంసం మసాలాకు ఎంత గొంతు ఉందో అప్పుడు తెలిసింది. లవంగం, దాల్చినచెక్క, ధనియాల పొడి పడితే అది మెట్లు దిగి వీధిలోకి వెళ్లి మరీ మన పేరు చెబుతుంది.

సోయా సాస్ చెప్పదు. వెల్లుల్లి, వెనిగర్, సోయా కలిసి పొగ లేస్తే కింది అంతస్తు వాళ్లకు వచ్చేది 'చైనీస్' వాసన. కాలేజీ పిల్లలు ఏదో నూడుల్స్ చేసుకుంటున్నారు అనుకుంటారు. ఎందరో మన పిల్లలు పరీక్షల కాలంలో చిల్లీ బీఫ్ ఇట్లాగే తింటున్నారు. మన ఉద్యమ మిత్రుల్లో కొందరికి ఇది నచ్చదు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా క్యాంపస్‌లో బీఫ్ ఫెస్టివల్ పెట్టి, దాడులు ఎదుర్కొని బహిరంగంగా తిన్నవాళ్లం, ఇప్పుడు సాస్ చాటున తినడమా అంటారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. కానీ నా అభిప్రాయం వేరే. క్యాంపస్‌లో వెయ్యి మంది పక్కన నిలబడి తినడం ఒకటి. సెమిస్టర్ మధ్యలో సామాను రోడ్డు మీద పడితే ఎక్కడికి పోవాలో తెలియని ఒంటరి ఆడపిల్ల రూములో వండుకోవడం ఇంకొకటి. ఆమెను ధైర్యం చూపమని అడిగే హక్కు సొంత ఇల్లున్న మనకు లేదు. ఆమె కడుపు నిండా తిని పరీక్ష రాయాలి. దాచుకోవాల్సిన అవసరం లేకుండా చేయడం మన పని. సొంత మతం వాళ్లకే ఇళ్లు అని నియమం పెట్టుకున్న పార్శీ హౌసింగ్ సొసైటీ కేసులో 2005లో సుప్రీంకోర్టు సొసైటీ వైపే తీర్పు ఇచ్చింది. కులం చూసి, తిండి చూసి ఇల్లు ఇవ్వను అనేవాణ్ణి నేరుగా పట్టుకునే అద్దె చట్టం కావాలని అడిగే సంఘం ఏది? హాస్టల్ సీట్ల కోసం ధర్నా చేస్తాం. అద్దె ఇళ్ల కోసం ఎప్పుడు చేశాం?

చట్టం సంగతి కూడా ఒక మాట, ఎవరైనా బెదిరిస్తే చెప్పడానికి. ఉమ్మడి రాష్ట్రంలో 1977లో వచ్చిన చట్టం ఆపింది ఆవును, దూడలను. సర్టిఫికెట్ ఇచ్చిన దున్నను కోయడాన్ని కాదు. నేను చెప్పేది దున్న మాంసం. రోజూ వచ్చే తెలిసిన కొట్లో కొనండి.

పావు కిలో, ఎముక లేనిది, తొడ వైపు ముక్క అడగండి. ఫ్రిజ్ ఉంటే ఓ గంట డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, గట్టిపడితే కత్తికి లొంగుతుంది. ముక్కను చూస్తే పోగులు ఒక దిక్కుకు పోతుంటాయి. వాటికి అడ్డంగా పలచగా, రూపాయి బిళ్ల మందాన కోయండి. పొడుగ్గా కోస్తే ఎంతసేపు వేయించినా చెప్పు నమిలినట్టే ఉంటుంది. కుక్కర్ అవసరం లేకుండా పెద్దకూర ఐదు నిమిషాల్లో మెత్తగా తినొచ్చు అంటే మా అమ్మ నమ్మలేదు, తిన్నాకే నమ్మింది. కిటుకు ఏంటంటే వంట సోడా. పావు టీ స్పూను, అంతకు మించొద్దు, సబ్బు రుచి వస్తుంది. దాంతో పాటు ఒక స్పూను సోయా సాస్, ఒక స్పూను కార్న్‌ఫ్లోర్, ఒక స్పూను నూనె, రెండు స్పూన్ల నీళ్లు పోసి చేత్తో బాగా పిసికి అరగంట పక్కన పెట్టండి. సోడా మాంసం పైపొరను బిగుసుకోనివ్వదు, కార్న్‌ఫ్లోర్ లోపలి నీటిని పోనివ్వదు. హోటల్లో ముక్క జారిపోయేట్టు ఉండే రహస్యం అంతే.

అన్నం గురించి. రాత్రి అన్నంతో ఫ్రైడ్ రైస్ బాగుంటుంది, అది నిజం. కానీ ఫ్రిజ్ లేని రూములో రాత్రంతా బయట పెట్టిన అన్నం వద్దు. అందులో పెరిగే ఒక బాక్టీరియా విడిచే విషం మళ్లీ వేయించినా చావదు, వాంతులు పట్టుకుంటాయి. ఫ్రిజ్ లేనివాళ్లు అన్నం కొంచెం బిరుసుగా వండి, గంజి వార్చి, పెద్ద పళ్లెంలో పలచగా పరిచి ఫ్యాను కింద గంట పెట్టండి. సన్నబియ్యం అయితే మంచిది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యమే ఇస్తున్నారు, ఇంటి నుంచి తెచ్చుకోండి. ఆ కార్డు కోసం మనవాళ్లు ఎన్ని ఆఫీసులు తిరిగారో మీకు తెలుసు, దానికి సిగ్గుపడేదేం లేదు.

మంట దగ్గర చాలామంది దెబ్బతింటారు. బండి మీద ఉండే పొయ్యి మంట మన గ్యాస్ స్టవ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. బాండీ వేడి తగ్గేలోపే పని అయిపోతుంది. మన స్టవ్ మీద నలుగురికి ఒకేసారి వేస్తే మాంసం వేగదు, నీళ్లు వదిలి ఉడుకుతుంది. కాబట్టి ఒకసారికి ఒక ప్లేటు. మెస్సు లాగా కాదు, బండి లాగా. ఇండక్షన్ స్టవ్ అయితే అడుగు బల్లపరుపుగా ఉన్న ఇనుప పెనం వాడండి, గుండ్రటి బాండీ అడుగు దానికి అందదు. కిటికీ తెరవండి. అన్నీ ముందే కోసి దగ్గర పెట్టుకోండి, మంట మీద ఉన్నప్పుడు వెల్లుల్లి ఒలుస్తూ కూర్చుంటే మాడిపోతుంది.

రెండు స్పూన్ల సోయా సాస్, ఒక స్పూను చిల్లీ సాస్, ఒక స్పూను వెనిగర్, చిటికెడు చక్కెర, పావు స్పూను అజినోమోటో ఒక గిన్నెలో కలిపి ఉంచండి. ఇంకో గ్లాసులో అర స్పూను కార్న్‌ఫ్లోర్‌ను చల్లటి నీళ్లలో కలపండి, వేడి నీళ్లలో కలిపితే గడ్డ కడుతుంది. ఉప్పు చివర్లో రుచి చూసి వేయండి, సోయాలోనే చాలా ఉంటుంది. ఎర్ర రంగు పొడి కొనొద్దు. కళ్లకు ఎరుపు కావాలంటే కాశ్మీరీ మిరపకాయలు రెండు నానబెట్టి నూరండి.

బాండీ పొగ వచ్చేదాకా కాల్చి, నూనె పోసి, మాంసం పరిచి, అర నిమిషం కదపకండి. తర్వాత తిప్పి, ఎరుపు పోగానే తీసి పక్కన పెట్టండి. అదే బాండీలో మళ్లీ కొంచెం నూనె, సన్నగా తరిగిన వెల్లుల్లి, అల్లం, చీల్చిన పచ్చిమిర్చి. వాసన రాగానే ఉల్లిపాయ, క్యాప్సికం పెద్ద ముక్కలు. కరకరలాడాలి, మెత్తబడకూడదు. సాస్ పోయండి, మాంసం వేయండి, కార్న్‌ఫ్లోర్ నీళ్లు పోసి రెండు తిప్పులు తిప్పండి, మెరుపు రాగానే దించండి. మొత్తం ఐదారు నిమిషాలు. అన్నం విడిగా, గుడ్డు కొట్టి, అదే బాండీ కడగకుండా వేయిస్తే ఆ అడుగంటిన సాస్ అంతా దానికి పడుతుంది.

బాండీ ఎవరు కడుగుతారో వండే ముందే తేల్చుకోండి. మన సంఘాల రూముల్లో మగపిల్లలు అంబేడ్కర్ మీద రెండు గంటలు మాట్లాడతారు, తిన్న ప్లేటు సింకులో పడేసి పోతారు. మీటింగుకు వచ్చిన అమ్మాయి చేతికి గరిట ఇచ్చి "నువ్వైతే బాగా చేస్తావు చెల్లే" అంటే అది పొగడ్త కాదు. కోసినవాడు ఒకడు, వండినవాడు ఒకడు, కడిగేవాడు ఒకడు, వారం వారం మారాలి. గోడ మీద కాగితం అతికించండి.

మాంసం తినని మిత్రులు వస్తే వాళ్లకూ ఇదే సాస్‌లో క్యాబేజీ ఉండలో, పన్నీరో చేసి పెట్టండి, ముందుగా వాళ్లది వండండి, పని తేలిక. కానీ "మా కోసం వేరే బాండీ ఉందా?" అని అడిగితే, లేదని చెప్పండి. ఉన్నది ఒకటే అని, సబ్బుతో తోమామని చెప్పండి. తింటే సంతోషం. తినకపోతే టీ పెట్టండి.

ఉల్లికాడలు మాత్రం స్టవ్ ఆపేశాక వేయండి, ముందే వేస్తే నల్లబడతాయి.

జై భీమ్.